చదువుకు సై, మాటకు నై

ఉక్కు నగరం భిలాయ్‌లో ఇంగ్లీషు చదివినవారికి కొదవ లేదు. నోరు విప్పాల్సి వచ్చినప్పుడే చిక్కు

భిలాయ్ టౌన్‌షిప్‌లోని తెలుగువారి క్వార్టర్లలో తెల్లవారితే మూడు భాషలు పలకరిస్తాయి. నాయనమ్మతో తెలుగు, పాలవాడితో హిందీ, స్కూలు బ్యాగులో ఇంగ్లీషు. మొదటి రెండూ నోటికి వచ్చినవి. మూడోది పుస్తకం దాటి బయటికి రాదు.

ఈ ఊరు పుట్టుకే బహుభాషల కలయిక. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఛత్తీస్‌గఢీ మాట్లాడే స్థానికులకు తెలుగు, బెంగాలీ, మలయాళీ, పంజాబీ కార్మికులు తోడయ్యారు. రష్యన్ నిపుణుల పక్కన దుబాసీలుండేవారు. షాప్ ఫ్లోర్‌లో అందరినీ కలిపింది మాత్రం హిందీయే. ఫైళ్లు, మాన్యువళ్లు ఇంగ్లీషులో నడిచినా, రైలు పట్టాలు తయారుచేసిన చేతులకు దాంతో పెద్దగా పని పడలేదు.

ఆ పిల్లలకూ, మనవలకూ ఆ వెసులుబాటు లేదు. ప్లాంటులో శాశ్వత ఉద్యోగాలు ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చాయి. కొలువు కావాలంటే హైదరాబాద్, బెంగళూరు, పుణె వైపు చూడాల్సిందే. ఐఐటీ ప్రవేశ పరీక్షల ర్యాంకులకు పేరుమోసిన భిలాయ్ పేరిట 2016లో ఏకంగా ఓ ఐఐటీయే మొదలైంది. కానీ ఎంట్రన్స్‌లో సరైన జవాబు గుర్తిస్తే చాలు, ఒక్క ముక్కయినా మాట్లాడనక్కర్లేదు. క్యాంపస్ ఇంటర్వ్యూలో అలా కుదరదు. 'మీ గురించి చెప్పండి' అనగానే లెక్కల్లో ఆరితేరిన కుర్రాడికి కూడా గొంతు తడారిపోతుంది.

కారణం వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. తరగతిలో 40 మంది, పీరియడ్ 40 నిమిషాలు అనుకుంటే, టీచర్ పెదవి కదపకపోయినా ఒక్కొక్కరి వంతుకు వచ్చేది నిమిషమే. వ్యాకరణం, డిక్టేషన్, బట్టీ పట్టిన వ్యాసాలతో ఏడాది గడిచిపోతుంది. గేటు దాటితే మళ్లీ హిందీ.

అంతకు మించిన అడ్డంకి సిగ్గు. తొలితరం తెలుగు కార్మికులు హిందీని బడిలో నేర్వలేదు. తెలుగువారిని తికమకపెట్టే హిందీ లింగభేదంతో తప్పులు దొర్లుతూనే ఉండేవి. తోటివారు నవ్వేవారు, అర్థం చేసుకునేవారు, పని సాగిపోయేది. తప్పులు మాట్లాడుతూనే వారికి భాష పట్టుబడింది. ఇంగ్లీషులో అదే తప్పు దొర్లితే మాత్రం భాషను కాదు, మనిషి చదువునే శంకిస్తారు. హిందీ ప్రాంతపు 'ఇస్కూల్', తెలుగు నాలుక మీది 'స్కూలు' రెండూ వేళాకోళానికి సరుకే. నవ్వులపాలు కావడం కన్నా నోరు మూసుకోవడమే మేలనిపిస్తుంది.

ఇది భిలాయ్ ఒక్కదాని గోడు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు దేశంలో దాదాపు 2.6 లక్షలే. రెండో, మూడో భాషగా వచ్చినవారిని కలిపితే సుమారు 13 కోట్లు. అంటే పదిమందిలో ఒకరు. కేంద్రంలో అధికార వ్యవహారాలకు ఇంగ్లీషు 1965 వరకేనని రాజ్యాంగం గడువు పెట్టినా, 1963 నాటి అధికార భాషల చట్టం దాన్ని కొనసాగనిచ్చింది. ఇప్పుడు ప్రభుత్వాలే ఆ బాట పట్టాయి. పాఠశాలల్లో ఇంగ్లీషు మీడియం కోసం ఆంధ్రప్రదేశ్ 2019లో ఉత్తర్వులిస్తే, మరుసటి ఏడాది హైకోర్టు కొట్టేసింది. ఛత్తీస్‌గఢ్ 2020లో స్వామి ఆత్మానంద్ పేరిట ఇంగ్లీషు మీడియం ప్రభుత్వ బడులు ప్రారంభించింది.

మీడియం మార్చడం ఒక జీవోతో పని. తప్పుగానైనా మాట్లాడనిచ్చే తరగతి గదికి జీవో చాలదు. ఈలోగా భిలాయ్‌లోని తెలుగు ఇళ్లలో మరో లెక్క తప్పుతోంది. ఊరి నుంచి వచ్చిన పెళ్లి శుభలేఖ చదవమంటే మనవడు తాతవైపు చూస్తాడు. తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడటం రాదు. రెండూ సగం సగమే. తాత తప్పుల హిందీకి దొరికిన చనువు ఆ కుర్రాడి ఇంగ్లీషుకూ దొరికితే ఒక సగమైనా పూడుతుంది. రెండో సగం పూడ్చేందుకు ఇంట్లో నాయనమ్మ ఉండనే ఉంది.