పాత హార్డ్ డిస్క్‌కు రెండో కొలువు

కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్‌ను తీసి ఆ స్థానంలో ఎస్‌ఎస్‌డీని అమర్చుకోవడం నేడు సర్వసాధారణం కాగా, అలా బయటికి వచ్చిన పాత డిస్క్ చాలా ఇళ్లలో ఏ సొరుగులోనో మూలన పడి ఉంటుంది. దానిని బ్యాకప్‌కు, అంటే ముఖ్యమైన ఫైళ్ల నకలును వేరొక చోట భద్రపరచే పనికి, వాడుకోవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు పరికరాల నిర్మాణభేదంలోనే దొరుకుతుంది.

1956లో ఐబీఎం సంస్థ తెచ్చిన తొలి హార్డ్ డిస్క్ 50 పళ్లేలు కలిగి, బీరువా అంత ఉండి, 50 లక్షల అక్షరాలను మాత్రమే దాచగలిగేది. పరిమాణం అరచేతిలో ఇమిడేంతగా తగ్గినా, తిరిగే పళ్లెం మీది అయస్కాంత పూతలో సమాచారాన్ని నమోదు చేసే సూత్రం నేటికీ అదే. లాప్‌టాప్ డిస్కుల్లో ఆ పళ్లెం సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. సమాచారాన్ని చదివే, రాసే భాగమైన హెడ్ ఒక చోటి నుంచి మరొక చోటికి జరగడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది కనుక, వేలాది చిన్న ఫైళ్లను ఒక్కసారిగా తెరవవలసిన విండోస్ వంటి వ్యవస్థ దాని మీద మందకొడిగా నడుస్తుంది. కదిలే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీకి ఈ జాప్యం లేదు. అయితే బ్యాకప్‌లో పెద్ద ఫైళ్లను వరుసగా రాసుకుపోవడమే ప్రధానం కాబట్టి, సెకనుకు 100 ఎంబీ వేగంతో రాయగల పాత డిస్క్ కూడా 200 జీబీ వీడియోలను అరగంట పైచిలుకులో నకలు తీసివేస్తుంది. పైగా ఎస్‌ఎస్‌డీలో సమాచారం విద్యుదావేశ రూపంలో నిలుస్తుంది గనుక, బాగా అరిగిన ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా దీర్ఘకాలం పక్కన పెడితే అది క్రమంగా చెదిరిపోవచ్చు. అయస్కాంత ముద్రకు ఆ బెడద తక్కువ.

కొలువు అప్పగించే ముందు డిస్క్ ఆరోగ్యాన్ని పరీక్షించడం అవసరం. డిస్క్ తన లోపాలను తానే లెక్కించి పెట్టుకొనే ఏర్పాటును స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ లెక్కలను చూపుతుంది. వాటిలో పాడైన గడులకు బదులు వేరే గడులు కేటాయించిన సంఖ్య, చదవలేక పెండింగులో ఉన్న గడుల సంఖ్య సున్నా దాటితే ఆ డిస్క్‌ను నమ్మకూడదు. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం, తొలి స్కాన్ లోపం బయటపడిన డిస్కులు ఆ తరువాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం లోపం లేనివాటి కన్నా 39 రెట్లు ఎక్కువని తేల్చింది. చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన స్మార్ట్ సూచికల్లో ఏ హెచ్చరికా లేకుండానే చెడిపోయాయని కూడా అదే అధ్యయనం చెప్పింది కనుక, పరీక్షలో నెగ్గిన డిస్క్‌కు సైతం పూచీ లేదు.

డిస్క్‌ను బయటి నుంచి కలపడానికి వాడే పెట్టెను దుకాణాల్లో కేసింగ్ లేదా ఎన్‌క్లోజర్ అంటారు. లాప్‌టాప్‌లకు వాడే 2.5 అంగుళాల డిస్క్‌కు సాధారణంగా యూఎస్‌బీ ద్వారా అందే విద్యుత్తు సరిపోతుంది గానీ, డెస్క్‌టాప్‌లకు వాడే 3.5 అంగుళాల డిస్క్‌కు విడిగా అడాప్టర్ ఉండాలి. కొత్త ఎస్‌ఎస్‌డీలోకి అన్నీ చేరాయని రూఢి చేసుకున్న తరువాతే పాత డిస్క్‌ను ఫార్మాట్ చేయడం వివేకం.

అసలు పొరపాటు జరిగేది ఇక్కడి నుంచే. 1 టీబీ హార్డ్ డిస్క్ స్థానంలో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వచ్చినప్పుడు, చోటు చాలక పెళ్లి వీడియోలను, పిల్లల ఫొటోలను పాత డిస్క్‌లోకి తరలించి, బ్యాకప్ తీసినట్టే భావించేవారు ఎందరో ఉంటారు. తరలించినది నకలు కాదు, అదే ఏకైక ప్రతి; అదీ వయసు మళ్లిన డిస్క్‌లో ఉన్న ప్రతి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ప్రకారం మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, వాటిలో ఒకటి ఇంటికి వెలుపల ఉండాలి. కంప్యూటర్‌లో అసలు, పాత డిస్క్‌లో నకలు, క్లౌడ్‌లోనో బంధువుల ఇంట్లోనో మరొక నకలు ఉంటే ఈ సూత్రం నెరవేరుతుంది.

లాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ తీసి ఆ ఖాళీలో పాత డిస్క్‌ను బిగించడం సౌకర్యమే అయినా, ఎప్పుడూ కలిసి ఉన్న డిస్క్‌కు దొంగతనం, విద్యుత్ ప్రమాదం, వైరస్ అన్నీ ఉమ్మడిగానే సోకుతాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వానాక్రై 2017 మేలో 150కి పైగా దేశాలకు పాకి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటిని కూడా తాకింది. అటువంటి దాడి వేళ బీరువాలో విడిగా ఉన్న డిస్క్ జోలికి అది పోలేదు. కాబట్టి నకలు తీయడం, వెంటనే వేరు చేయడం, అప్పుడప్పుడు కొన్ని ఫైళ్లను తెరిచి సరిచూడడం అన్న మూడూ ఒకే పనిగా సాగాలి. పాత డిస్క్ ఏదో ఒక రోజు ఆగిపోక తప్పదు; ఆ రోజు ఇంట్లో ఒక్క ఫొటో కూడా పోకపోతే, దానికి అప్పగించిన కొలువు సరైనదేనన్నమాట.