కూలీల మస్టరు గూగుల్ షీట్‌లో: ఒక పూట కూలి నేర్పిన పాఠం

పోయిన ఖరీఫ్‌లో కలుపుకొచ్చిన ఒక అక్క, "తమ్ముడూ, నాకు ఒక పూట కూలి తక్కువిచ్చావు" అంది. నోట్‌బుక్ తిరగేస్తే ఆమె మాటే నిజం. సిగ్గేసింది. అప్పట్నుంచి గూగుల్ షీట్‌కి మారిపోయాను.

గూగుల్ ఫారంలో ఆరు ప్రశ్నలు పెట్టాను: పేరు, వచ్చిన టైం, వెళ్లిన టైం, ఏ మడి, ఏ పని, ఎన్ని సాళ్లు అయ్యాయి. సాయంత్రం మేస్త్రీ ఒక్కొక్కరివి ఫోన్‌లో నింపితే వివరాలు వాటంతటవే షీట్‌లో చేరతాయి.

ఇక్కడొక జాగ్రత్త. వెళ్లిన టైంలోంచి వచ్చిన టైం తీసేస్తే, షీట్ దాన్ని రోజులో భాగంగా లెక్కిస్తుంది. 8 గంటలంటే దానికి 0.333. అందుకే 24తో గుణించాలి. లేకపోతే కూలి తప్పు పడుతుంది. అన్నం తిన్న గంట కూడా తీసేయాలా వద్దా అన్నది ముందే మాట్లాడుకోండి.

తర్వాత సమ్ఇఫ్స్ ఫార్ములా పేరువారీగా, పనివారీగా గంటలు కూడేస్తుంది. ఆచ్ఛాదన వేసిన మడికీ, వేయని మడికీ కలుపు గంటల్లో తేడా ఎంతో కూడా తెలుస్తుంది.

శనివారం సాయంత్రం ఆ లెక్క అందరికీ చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే డబ్బులిస్తున్నాను. ఫార్ములాలు ఎలా రాయాలో పై వీడియోలో చూడండి.