రాతిలోని చూపు

1698లో వేల్సు పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ తన మిత్రునికి వ్రాసిన లేఖలో, శిలయందు దొరికిన యొక వింత రూపమును చిత్రించి పంపెను. అది చదునైన చేపయొక్క అస్థిపంజరమని ఆయన ఊహ. కాని అది ఎముకలే లేని ప్రాణి. రొయ్యకు, పీతకు, తేలుకు దూరపు జ్ఞాతి. దేహము నిడుపున మూడు భాగములుగా కానవచ్చుటచే తరువాతి శాస్త్రజ్ఞులు దానిని ట్రైలోబైటు అనిరి.

ఈ జాతి సుమారు 52 కోట్ల సంవత్సరములకు పూర్వము సముద్రములందు అవతరించినది. అప్పటికి నేలపై అడవులు లేవు. ఎదుగుచున్నకొలది పాత పెంకును విడిచి క్రొత్తది దాల్చుట, ఆపద వచ్చినపుడు రోకలిబండవలె చుట్టుకొనుట దీని నేర్పులు. అన్నిటికంటె విశేషము దీని కన్ను. ఆ కంటి కటకములు కాల్సైటుతో, అనగా సున్నపురాతిలోని ఖనిజముతో, ఏర్పడినవని పలువురు శాస్త్రజ్ఞుల మతము. కావుననే మేను మాసినను కన్ను శిలయందు నిలిచినది.

వీని అవశేషములు హిమాలయములందలి స్పితి లోయలోను కలవు. నాటి సముద్రపుటడుగు నేడు పర్వతమై లేచినది.

దాదాపు 27 కోట్ల సంవత్సరములు మనిన యీ వంశములో చివరకు కొద్ది తెగలే మిగిలినవి. సుమారు 25 కోట్ల సంవత్సరములకు పూర్వము సైబీరియాలో లావా వెల్లువలై పొంగినది, సముద్రములు వేడెక్కినవి, నీటిలో ప్రాణవాయువు తరిగినది. ఆ ప్రళయమున మిగిలినవియు నశించినవి.

మానవజాతి వయస్సు సుమారు 3 లక్షల సంవత్సరములు. సముద్రము మరల వేడెక్కుచున్నదని అది కొలిచి తెలిసికొన్నది. ట్రైలోబైటు కన్ను ఎదుటి శత్రువును మాత్రమే చూడగలిగినది. మానవుని చూపు రాబోవు కీడునుగూడ కనుచున్నది. కనియు నూరకుండినచో ఆ రెండు చూపులకు భేదమేమి?