తిన్నణ్ని తెర మీదికి తెచ్చిన గుబ్బి వీరన్న

కన్నడ కంఠీరవ రాజ్‌కుమార్ తెలుగులో నటించింది ఒకే ఒక్క సినిమా. 1954లో వచ్చిన ‘కాళహస్తి మహత్యం’. అదే ఏడాది కన్నడంలో వచ్చిన ‘బేడర కణ్ణప్ప’కు ఇది తెలుగు రూపం. రెండింటికీ దర్శకుడు హెచ్.ఎల్.ఎన్.సింహానే. కన్నడ చిత్రాన్ని నిర్మించింది మాత్రం సినిమావాళ్లు కాదు, ఊరూరా మకాం వేసి నాటకాలాడిన గుబ్బి కంపెనీ వాళ్లు. దాని యజమాని గుబ్బి వీరన్న.

ఆరేళ్లకే ముఖానికి రంగు

తుమకూరు జిల్లాలోని గుబ్బి చిన్న ఊరు. అదే జిల్లాలో పావగడ వైపు వెళితే ఇంటింటా తెలుగు వినిపిస్తుంది. 1884లో గుబ్బిలో ఈ నాటక కంపెనీ పుట్టింది. మన కడప జిల్లాలో సురభి వాళ్లు తొలి నాటకం ఆడింది ఆ మరుసటి ఏడే. ఆరేళ్ల వయసులో వేషాలకు చేరిన వీరన్న 1917 నాటికి కంపెనీకే యజమాని అయ్యారు. యజమాని అంటే గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి కాదు. తెరలు, సామాన్లు, నటుల తిండీతిప్పలు, మకాం మార్పులు అన్నీ ఆయనే చూసుకోవాలి. రాత్రయితే మళ్లీ వేషం కట్టాలి. ‘సదారమె’లో ఆయన వేసిన దొంగ వేషం కోసమే జనం వచ్చేవారు.

సినిమా వచ్చిపడింది

1934లో తొలి కన్నడ టాకీ ‘సతీ సులోచన’ విడుదలైంది. బొమ్మ మాట్లాడుతుంటే నాటకం ఎవరు చూస్తారని కంపెనీలన్నీ బెంబేలెత్తిన రోజులవి. అదే ఏడు వీరన్న ‘కురుక్షేత్ర’ నాటకంలో నిజం ఏనుగుల్ని, గుర్రాల్ని రంగస్థలం మీద నడిపించారు. అలాగని సినిమాను పగవాడిలా చూడలేదు. మూకీల కాలంలోనే అందులో చెయ్యి పెట్టిన ఆయన, తర్వాత ‘సుభద్ర’, ‘జీవన నాటక’, ‘హేమరెడ్డి మల్లమ్మ’ లాంటి టాకీలూ తీశారు.

అయినా కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఆపడం ఎవరి తరమూ కాలేదు. వీరన్న మిగిల్చింది మనుషుల్ని. సింగానల్లూరు పుట్టస్వామయ్య గుబ్బి కంపెనీ నటుడు. ఆయన కొడుకు ముత్తురాజు కూడా ఆ రంగస్థలం మీదే పెరిగి, ‘బేడర కణ్ణప్ప’తో రాజ్‌కుమార్ అయ్యాడు. జి.వి.అయ్యర్, బాలకృష్ణ, నరసింహరాజు.. అందరిదీ ఆ గూడే. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ఓ కుర్రాణ్ని చేరదీసి, కాశీకి పంపి ఎం.ఏ. చదివించారు వీరన్న. ఆ కుర్రాడే తర్వాత ఢిల్లీ జాతీయ నాటక పాఠశాల డైరెక్టరైన బి.వి.కారంత్.

వీరన్న 1972లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడు కన్నుమూశారు. తుమకూరులో ఆయన పేరిట కళాక్షేత్రం ఉంది. మనవరాలు బి.జయశ్రీ కన్నడ రంగస్థలం మీద పేరు నిలబెట్టి రాజ్యసభ దాకా వెళ్లారు.

కణ్ణప్ప అంటే మన తిన్నడే, శ్రీకాళహస్తిలో శివుడికి కళ్లు పెరికి ఇచ్చినవాడు. ఆ కథ కన్నడ దేశం వెళ్లి, అక్కడి నాటకాల మనుషుల చేతుల మీదుగా మళ్లీ తెలుగు తెరకు వచ్చింది. సరిహద్దు గీత మనుషులకే గానీ కథలకు, వేషాలకు లేదు మరి!