మిల్లులు మూతబడిన వాడల్లో ముఠాలకు చేరిన యువకులు

ముంబయి: నిరుద్యోగం పెరిగితే నేరాలు పెరుగుతాయన్నది రాజకీయ వేదికలపై తరచు వినవచ్చే మాట. లెక్కలు మాత్రం దీనిని అంత సూటిగా బలపరచడంలేదు. కేంద్ర ప్రభుత్వ శ్రామికశక్తి సర్వే ప్రకారం 2023-24లో 15-29 ఏళ్ల వయస్సువారిలో నిరుద్యోగిత దేశం మొత్తంమీద 10.2 శాతం కాగా, కేరళలో దాదాపు 30 శాతం. అయినా జనాభా నిష్పత్తిలో హత్యలు కేరళలో జాతీయ సగటుకంటె తక్కువ. నిరుద్యోగిత స్వల్పంగా నమోదయ్యే జార్ఖండ్‌లో హత్యల నిష్పత్తి జాతీయ సగటును మించిపోయింది. నిరుపేదకు ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు. దొరికిన కూలికి వెళ్లినవాడు సర్వే దృష్టిలో నిరుద్యోగి కాడు.

మరి పనిలేమికి, నేరానికి ముడిపడేది ఎక్కడ? మధ్య ముంబయిలోని మిల్లుల వాడ 'గిరణ్‌గావ్' చరిత్ర దీనికి కొంత సమాధానమిస్తుంది.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షలమంది జౌళి కార్మికులు సమ్మెకు దిగారు. లాంఛనంగా ఎన్నడూ విరమించని ఆ సమ్మె ఫలితంగా లక్షమందికి పైగా ఉపాధి కోల్పోయారు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లి ఆ మిల్లులను నమ్ముకున్న పద్మశాలి కుటుంబాలు కూడా వీధిన పడ్డాయి. తండ్రి పరపతితో కొడుకు మొదట 'బద్లీ' కార్మికునిగా చేరి, క్రమంగా ఖాయం కావడం అక్కడి ఆనవాయితీ. ఆ దారి ఒక్కసారిగా మూసుకుపోయింది.

అత్యధికులు నేరం జోలికి పోలేదన్నది గమనార్హం. కొందరు కొంకణ్ గ్రామాలకు తిరిగి వెళ్లారు. కొందరు కాపలాదారులయ్యారు, మరికొందరు తోపుడుబళ్లు పెట్టుకున్నారు. అయితే అవే వాడల్లో ముఠాలు అప్పటికే పాతుకుపోయి ఉన్నాయి. బైకుల్లాలోని దగ్డీ చాల్‌ను స్థావరం చేసుకున్న అరుణ్ గావ్లీ స్వయంగా మిల్లు కార్మికుని కుమారుడే. చదువు మధ్యలో ఆగి, ఇంట్లో పూటగడవక, వీధి మొగలో నిలబడిన కుర్రవాడికి చేతిలో రొక్కం పెట్టి పని చెప్పగలిగినవారు ఆ చుట్టుపక్కల ముఠాదారులే.

ముఠాలకు గిరాకీ కల్పించినది మాత్రం నిరుద్యోగులు కారు. 1991 నగరాభివృద్ధి నిబంధనలు మిల్లుల భూముల విక్రయానికి దారి తీయడంతో ఆ స్థలాల విలువ ఆకాశాన్నంటింది. ఆ వెంటే బెదిరింపు వసూళ్లు, స్థలాల తగాదాలు పెచ్చరిల్లాయి. 1994 మేలో ఖటావ్ మిల్లు యజమాని సునీత్ ఖటావ్ హత్యకు గురయ్యారు. 1997 జనవరి 16న దత్తా సామంత్‌ను సైతం కాల్చి చంపారు. తుపాకి పట్టిన యువకులలో పలువురు పోలీసు ఎదురుకాల్పుల్లో హతులు కాగా, భూముల్లో బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి.

ఇటీవల ఈ ఎర రూపు మార్చుకున్నది. కంప్యూటర్ ఉద్యోగాలు ఇప్పిస్తామని నమ్మించి ఆంధ్రప్రదేశ్ యువకులను కాంబోడియాకు తరలిస్తున్న దళారులను 2024 మేలో విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. అక్కడ చేరినవారిని నిర్బంధించి, ఫోన్ ద్వారా, ఇంటర్నెట్ ద్వారా మోసాలు చేయించినట్లు దర్యాప్తులో వెల్లడైంది. వారు మోసగించవలసి వచ్చినది ఎక్కువగా భారతీయులనే.