చామంతికి రాత్రి లెక్క తెలుసు

కొన్ని చామంతి తోటల్లో రాత్రిపూట సాళ్ల మీదుగా తీగలు లాగి, వరసగా బల్బులు వెలిగిస్తారు. అది దొంగల భయంతో కాదు, మొక్క ఎత్తు ఎదిగేదాకా మొగ్గ తొడగకుండా ఆపడానికి. అర్ధరాత్రికి అటూ ఇటూ కొన్ని గంటలు వెలిగితే చాలు. కాడ సాగాక బల్బులు ఆర్పేస్తారు. రకాన్ని బట్టి కొన్ని వారాల్లో తోటంతా ఒక్కసారే పూతకొస్తుంది.

కళ్లు లేని మొక్కకు బల్బు సంగతి ఎలా తెలిసింది?

జవాబు వెతుకులాట పొగాకుతో మొదలైంది. అమెరికాలో 'మేరీలాండ్ మామత్' అనే రకం వేసవంతా ఆకులు వేస్తూ పోయేది తప్ప పూసేది కాదు. గార్నర్, అలార్డ్ అనే శాస్త్రవేత్తలు ఆ మొక్కల్ని వేసవిలోనే రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి, పగటిని కురచ చేశారు. పూలు వచ్చాయి. పూతకు పగటి నిడివితో ముడి ఉందని 1920లో ప్రకటించారు. హైదరాబాదులో ఏడాది మొత్తంలో పొడవైన పగలు 13 గంటల పైచిలుకు, కురచ పగలు 11 గంటలు. ఆ రెండు గంటల తేడాలోనే మొక్క రుతువును పసిగట్టాలి.

అయితే మొక్క కొలిచేది పగటిని కాదు, రాత్రిని. 1938లో హామ్నర్, బానర్ అనే శాస్త్రవేత్తలు మరులమాతంగి మీద ఈ సంగతి తేల్చారు. మన చేలగట్ల మీద, బట్టలకు అంటుకునే ముళ్లకాయల మొక్కే అది. దానికి ఎనిమిదిన్నర గంటలకు మించి ఎడతెగని చీకటి కావాలి. పగటి మధ్యలో కాసేపు చీకటి చేసినా దానికి పట్టదు. రాత్రి నడుమ ఒక్క నిమిషం దీపం వెలిగిస్తే మాత్రం పూత ఆగిపోతుంది.

ఆ వెలుగును పట్టేది ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్. 660 నానోమీటర్ల ఎర్ర కాంతి తగిలితే అది చురుకైన రూపంలోకి మారుతుంది. కంటికి లీలగా మాత్రమే ఆనే 730 నానోమీటర్ల కాంతి తగిలితే వెనక్కి తిరుగుతుంది. అర్ధరాత్రి ఎర్ర దీపం చెడగొట్టిన పూతను, వెంటనే ఈ రెండో కాంతి వేసి మళ్లీ దారిలో పెట్టవచ్చు. ఇక నీలి కాంతిని పట్టేది క్రిప్టోక్రోమ్.

వెలుగును పట్టినంత మాత్రాన వేళ తెలియదు, గడియారం కూడా కావాలి. నిద్రగన్నేరు సాయంత్రానికి ఆకులు ముడిచి, తెల్లవారి విప్పడం మనం చూసేదే. అత్తిపత్తి వంటి మొక్కను చీకట్లో పెట్టినా ఈ ముడుపు ఆగదని 1729లో ఫ్రెంచి శాస్త్రవేత్త డి మైరాన్ గమనించాడు. ఎడతెగని వెలుగులో ఆ చక్రం 22, 23 గంటలకే తిరుగుతుందని 1832లో డి కాండోల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. అంటే గడియారం మొక్క లోపలే ఉంది. రోజూ ఉదయపు వెలుగు దాన్ని 24 గంటలకు సరిదిద్దుతుంది.

ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్‌లో ఈ రెండూ ఎలా కలుస్తాయో వివరంగా తెలిసింది. గడియారం చెప్పిన ప్రకారం పొద్దు వాలే వేళకు కాన్‌స్టాన్స్ అనే ప్రోటీన్ తయారవుతుంది. అప్పటికి ఇంకా వెలుగుంటే నిలుస్తుంది, చీకటి పడితే చితికిపోతుంది. నిలిస్తే ఆకులో పూత కబురు పుడుతుంది. పొడుగు పగళ్లకు పూసే మొక్కల తీరు ఇది. వరి, చామంతి దీనికి ఎదురు.

ఆకులో పుట్టిన కబురు కొమ్మ కొసకు చేరాలి. సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ చామంతి కింది ఆకులకు మాత్రమే కురచ పగలు చూపించి, పైకొసన పూయించాడు. ఆ కబురుకు 1937లో ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఎఫ్‌టీ అనే చిన్న ప్రోటీనని తేలడానికి 2007 దాకా పట్టింది.

పాతకాలపు సార్వా వరి రకాలు ముందు నాటినా వెనక నాటినా దాదాపు ఒకే కార్తెలో ఈనడం ఈ లెక్క వల్లే. 1966లో విడుదలైన ఐఆర్-8కు పగటి నిడివితో పని లేదు కాబట్టే దాన్ని ఏ కాలంలోనైనా పండించగలిగారు.

మీ ఇంటి ముందు కుండీలో చామంతి ఏపుగా పెరిగి కూడా మొగ్గ వేయకపోతే, ఎరువు మార్చేముందు రాత్రిళ్లు దాని మీద వీధి దీపమో వరండా బల్బో పడుతోందేమో చూడండి. పడుతుంటే కుండీని నాలుగడుగులు చీకట్లోకి జరపండి.