షుగర్ రాకముందే ధమనులకు చేటు

"షుగర్ లేదట, బోర్డర్‌లో ఉందట." రక్తపరీక్ష చేయించుకుని వచ్చిన అబ్బాజాన్ నోట ఈ మాట రాగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ రాత్రే దస్తర్‌ఖాన్ మీదికి డబల్‌ కా మీఠా వచ్చేస్తుంది. కానీ ధమనులకు ఈ బోర్డర్ సంగతి తెలియదు.

పరగడుపున రక్తంలో చక్కెర 100 నుంచి 125 మిల్లీగ్రాముల దాకా ఉంటే అది మధుమేహానికి ముందు దశ. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అయితే 5.7 నుంచి 6.4 శాతం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లు కాగా, ఈ దశలో ఉన్నవారు 13.6 కోట్లు.

అసలు చిక్కు ఇన్సులిన్ దగ్గర ఉంది. కాలేయంలో, కండరాల్లో కొవ్వు చేరినకొద్దీ అవి ఇన్సులిన్ మాట వినవు. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి ఎలాగో నెట్టుకొస్తుంది. అందుకే ఏళ్ల తరబడి రిపోర్టులో చక్కెర మామూలుగానే కనిపిస్తుంది. ఆ ఏళ్లలోనే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, చెడు కొలెస్ట్రాల్ రేణువులు చిన్నవై ధమని గోడలోకి దూరతాయి. ధమని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తూ నాళాన్ని సడలిస్తుంటుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు అదీ తగ్గి నాళం బిగుసుకుంటుంది. బీపీ పెరుగుతుంది. ఇవన్నీ ఒకే మనిషిలో గుంపుగా చేరతాయని అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ 1988లోనే చెప్పి, 'సిండ్రోమ్ ఎక్స్' అని పేరు పెట్టారు. నొప్పి ఉండదు, నీరసం ఉండదు. ఇక ఎవరు పట్టించుకుంటారు?

నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. వదులు కుర్తాలో పొట్ట తెలియదు, టేపు పెట్టి చూడాల్సిందే!

ఈ దశ నుంచి వెనక్కి రావచ్చు. చైనాలోని డాచింగ్‌లో 1986లో మొదలైన పరిశోధనలో కొందరు ఆరేళ్లపాటు తిండి, వ్యాయామం మార్చుకున్నారు. 30 ఏళ్ల తర్వాత చూస్తే, మిగతావారికంటే వారిలో గుండె, రక్తనాళాల జబ్బులు 26 శాతం తక్కువ.

బిర్యానీ మానేయమని ఎవరూ అనడం లేదు. రెండోసారి వడ్డన, రోజుకు నాలుగైదు చక్కెర చాయ్‌లు, ఇఫ్తార్‌లో ఖర్జూరంతో పాటు షర్బత్, పకోడీలు: తగ్గించాల్సింది వీటినే. ఇషా తర్వాత తిని వెంటనే పడుకోకుండా అరగంట నడవాలి. సిగరెట్, జర్దా పూర్తిగా మానాలి. బీపీ, కొలెస్ట్రాల్‌కు మందులు కావాలో లేదో డాక్టరే చెప్పాలి.

ఇంకో మాట. పరీక్ష అబ్బాజాన్‌కే కాదు, అమ్మీకి కూడా చేయించండి. కాన్పు సమయంలో షుగర్ వచ్చి తగ్గిన ఆడవారు కనీసం మూడేళ్లకోసారి, బోర్డర్‌లో ఉన్నవారు ఏటా చూపించుకోవాలి.